రెండో జెండా

సాల్మన్ పదకొండేళ్ళపాటు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఆస్ట్రేలియాని ఎప్పుడూ చూడలేదు. ఆస్ట్రేలియా కూడా సాల్మన్‌ని చూడలేదు కాబట్టి ఆ విషయంలో ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఆడినదంతా ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్యనే. ఒకే ఒక్కసారి రాష్ట్రం తరఫున రెండు రోజులు రైల్లో కూర్చుని వెళ్ళి, మూడు ఆటలాడి, మూడూ ఓడి, మళ్ళీ రెండు రోజులు కూర్చుని వచ్చాడు. మొత్తం మీద కూర్చోవడమే కష్టమైందని చెప్పేవాడు.

బతుకుతెరువు మాత్రం పెదవేగి పామాయిల్ తోటల్లో గెలలు కొయ్యడం. పొడుగాటి గెడ చివర కొడవలి బిగించి, మెడ వెనక్కి వాల్చి, ముప్పై అడుగుల ఎత్తున గెల కాడ తెంపుతాడు. పాతిక కేజీల ముళ్ళగెల ఎటు పడుతుందో కాడ తెగకముందే కనిపెట్టాలి. లేకపోతే కోసినవాడి మీదే పడుతుంది. గాల్లోంచి వచ్చే బంతిని పట్టే విద్య అతనికి అక్కడే అబ్బింది. "గెల పడుతుంటే పక్కకి తప్పుకోవాలి, బంతి పడుతుంటే కిందికి పోవాలి. అంతే తేడా అండీ," అనేవాడు ఎవరైనా అడిగితే. అడిగినవాళ్ళు తక్కువ.

ఆ ఆట ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. ఈ చుట్టుపక్కల తెలిసినవాళ్ళు పద్దెనిమిది మంది. బంతి గుండ్రంగా ఉండదు, బొప్పాయికాయలా ఉంటుంది. తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. విసరకూడదు. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి కర్రలు పాతుతారు. నడిమి రెండు కర్రల మధ్యనుంచి బంతి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. గీత మీద నిలబడ్డ గోల్ అంపైరు రెండు జెండాలు ఊపుతాడు. పక్క సందుల్లోంచి పోతే ఒకటే పాయింటు, ఒకటే జెండా. నడిమి సందులోంచే పోయినా, దారిలో ఎవరి వేలికొసో, కర్రో తగిలితే అదీ ఒకటే. అలా ఒక పాయింటు పడ్డప్పుడు బంతి గోల్ కాచేవాడి చేతికొస్తుంది. వాడు తన్నితే ఆట మళ్ళీ మొదలు. సాల్మన్ పదకొండేళ్ళూ ఆ గోల్ కాచేవాడే. ఇంతకు మించిన రూల్సు ఉన్నాయి గానీ అవి ఆడేవాళ్ళకే సరిగ్గా తెలియవు.

సాల్మన్ వాళ్ళ నాన్న సుందరరావు మాస్టారు ఏలూరులో ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా చేశారు. ఆయన తయారుచేసిన కబడ్డీ ఆటగాళ్ళు రైల్వేలోనూ పోలీసులోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. ఆయన ఈల వేస్తే వేసినట్టే, వెనక్కి తీసుకోవడం లేదు. అలాంటి మనిషి ఇంట పుట్టి, కబడ్డీ వదిలేసి, ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు ఈ బొప్పాయి ఆటలోకి ఎందుకు పోయాడంటే దానికి కారణం ఆ ఈలే.

సాల్మన్ తొమ్మిదో క్లాసు చదివే రోజుల్లో స్కూలు వార్షికోత్సవం కబడ్డీ ఫైనల్ జరిగింది. సాల్మన్ కూతకి వెళ్ళి, ముగ్గుర్ని తాకి, ఊపిరి తిప్పుకోకుండా గీత దాటి వచ్చాడు. ఈల వినబడింది. పక్కగీత తొక్కాడని మాస్టారు అవుట్ ఇచ్చారు. సాల్మన్ కాలికీ ఆ గీతకీ మధ్య జానెడు ఎడం ఉంది. గీత సున్నం చెక్కు చెదరలేదు. అవతలి జట్టులోంచే ఒకడు, "తొక్కలేదు సార్," అన్నాడు. మాస్టారు వాణ్ణి కూడా బయటికి పంపేశారు.

మర్నాడు అసెంబ్లీలో హెడ్మాస్టరుగారు, "కన్నకొడుకని కూడా చూడని ధర్మమూర్తి," అని సుందరరావు మాస్టారికి శాలువా కప్పారు. మూడో వరుసలో నిలబడ్డ సాల్మన్ అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం నుంచి కబడ్డీ మానేశాడు. ఎందుకు మానేశావని తండ్రి అడగలేదు. ఎందుకు అవుట్ ఇచ్చారని కొడుకూ అడగలేదు. ఓడిపోయినందుకు కాదు సాల్మన్ బాధ. ఆయన చూడక ఇచ్చారా, చూసి కూడా ఇచ్చారా అన్నది తెలియక. ఆ ప్రశ్న ఇరవై ఏళ్ళు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది, మింగుడు పడక, బయటికి రాక.

తర్వాత వట్లూరులో ఒక కాలేజీ మైదానంలో ఎవరో బయటి రాష్ట్రంవాళ్ళు వచ్చి మూడు రోజులు ఈ కొత్త ఆట నేర్పిస్తున్నారని తెలిసి వెళ్ళాడు. పేరు రాయించుకునే ముందు ఒక్కటే అడిగాడు.

"ఈ ఆటకి మన జిల్లాలో అంపైర్లు ఎవరైనా ఉన్నారాండీ?"

ఒక్కరూ లేరన్నారు. వెంటనే చేరిపోయాడు.

వాళ్ళు వెళ్తూ రెండు బంతులు, జిరాక్స్ తీసిన రూల్సు పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్ళారు. పద్దెనిమిది మంది కలిసి పశ్చిమగోదావరి జిల్లా జట్టు అయ్యారు. ఆ జట్టు ఓటమి ఎరగదు. పక్క జిల్లాల్లో ఎవరికీ ఆ ఆట రాదు గనక గెలుపు కూడా ఎరగదు. ఆదివారాలు చర్చి అయ్యాక చేరి, వాళ్ళలో వాళ్ళే సగం సగం విడిపోయి ఆడుకునేవారు. సుందరరావు మాస్టారు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేదు. సాల్మన్ రమ్మనలేదు. రాకపోవడం కోసమే కదా ఇంత దూరం పోయింది.

ఇలా ఉండగా ప్రభుత్వం జిల్లాల్ని చీల్చింది. ఏలూరు కొత్త జిల్లా అయింది, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. పద్దెనిమిది మందీ ఆధార్ కార్డులు తీసి చూసుకుంటే తొమ్మిది మంది ఇటు, తొమ్మిది మంది అటు తేలారు. మనిషి ఎక్కువ లేదు, తక్కువ లేదు. దేవుడి కార్యం అంది సాల్మన్ వాళ్ళమ్మ సువార్తమ్మ. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నాడు సాల్మన్. ఏమైతేనేం, పుట్టి బుద్ధెరిగాక ఆ జట్టుకి మొదటిసారి ప్రత్యర్థి దొరికాడు.

గూడెం జట్టు నాయకుడు సాయికృష్ణ. అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. కాలు బలమైనది, మనసు మెత్తనిది. సాల్మన్‌కి ప్రాణ స్నేహితుడు. రెండు జట్లూ ఆడాలని అందరూ ఒప్పుకున్నా, ఉన్న రెండు బంతుల్లో ఎవరి బంతితో ఆడాలన్న దగ్గర మూడేళ్ళు గడిచిపోయాయి. చివరికి సగం ఆట ఒకదానితో, సగం ఇంకోదానితో అని తీర్మానమైంది.

ఈ ఆటకి మైదానం కోలగా ఉండాలి. అలాంటిది రెండు జిల్లాల్లోనూ లేదు. కొల్లేరు పక్కన నిడమర్రు దాటాక వెంకట్రాజుగారికి ఒక చేపల చెరువుంది. వేసవిలో చేపల పట్టుబడి అయ్యాక ఎండబెడతారు. గుడ్డులా కోలగా, చదునుగా, చుట్టూ గట్టుతో ఉంటుంది. బంతి ఎటు పోయినా గట్టుకి తగిలి వెనక్కే వస్తుంది. జిల్లాల సరిహద్దు సరిగ్గా తన చెరువు మీదుగానే పోతుందని వెంకట్రాజుగారు చెబుతారు. సర్వేవాళ్ళు ఒప్పుకోరు గానీ ఆటగాళ్ళు ఒప్పుకున్నారు.

"వచ్చే నెల మొదటి మంగళవారం నీళ్ళు పెట్టేస్తానండి," అన్నారు రాజుగారు. "దానికి ముందు శనివారం పొద్దున్న ఆడేసుకోండి. ఒక పక్క గోలు నేను చూసుకుంటాను. చెరువు నాదే కదండీ, కూర్చునే ఊపుతాను జెండా."

రెండో పక్కకి మనిషి కావాలి. మైదానంలో ఈల పట్టుకుని తిరిగే అంపైరు నెల్సన్, భీమడోలు హైస్కూల్లో పీఈటీ. సుందరరావు మాస్టారి శిష్యుడు. గట్టు మీద మీటింగులో అతనే ఆ పేరు ఎత్తాడు.

"మా మాస్టారైతే ఇంక మాటుండదండీ."

"ఆయన వద్దు," అన్నాడు సాల్మన్.

"నీకు అనుకూలంగా ఇస్తారని గూడెంవాళ్ళు అనుకుంటారనా? మాస్టారి సంగతి నాకు తెలియదా?"

"నాకూ తెలుసు కాబట్టే వద్దంటున్నాను."

అందరూ నవ్వారు. గూడెంవాళ్ళు ఒప్పుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. శాలువా కథ వాళ్ళూ విన్నదే. సాయికృష్ణ ఒక్కడే తుమ్మపుల్లతో మట్టి గీసుకుంటూ కూర్చున్నాడు.

సాల్మన్‌కి ముప్పై నాలుగు వచ్చాయి. మోకాళ్ళు మెట్లెక్కుతుంటే చప్పుడు చేస్తున్నాయి. ఈ ఆటతో ఆపేస్తానని భార్య పెర్సిస్‌కి మాటిచ్చాడు. ఆ చివరి ఆటకే తండ్రి వచ్చి గీత మీద నిలబడతాడంటే మొదట గుండె జారింది. తర్వాత రోజూ చెట్టు కింద మెడ వాల్చి నిలబడ్డప్పుడల్లా ఒకే మాట మనసులో తిరగడం మొదలైంది. నాకు ఎక్కువేం అక్కర్లేదు, నాకు రావలసింది ఒక్కసారి ఆయన చేత్తో ఇస్తే చాలు. గెలిచినా ఓడినా ఇక ఆ ప్రశ్న అడగక్కర్లేకుండా పోతుంది.

సుందరరావు మాస్టారు మాత్రం పదిహేను రోజులు పరీక్షకి చదివినట్టు చదివారు. రూల్సు జిరాక్సు నిండా ఎర్ర పెన్సిలు గీతలు. గోల్ అంపైరు తెల్లకోటు వేసుకోవాలని అందులో ఉంది గనక, నర్సుగా చేస్తున్న కోడలు తను పనిచేసే ఆసుపత్రి నుంచి డాక్టరు కోటు ఒకటి అడిగి తెచ్చింది. ఆయన పాత పంచె చింపి సువార్తమ్మ రెండు జెండాలు కుట్టింది. సాయంత్రం మేడెక్కి ఒకటి, రెండు, ఒకటి, రెండు అని సాధన చేస్తుంటే, పక్కింటివాళ్ళు పావురాల్ని తోలుతున్నారనుకున్నారు.

ఒకరోజు భోజనాల దగ్గర, పదకొండేళ్ళలో మొదటిసారి, కొడుకుని ఆట గురించి అడిగారు.

"వేలికి తగిలితే ఒకటేనా?"

"ఒకటేనండి, నాన్నగారు."

"గోరు తగిలినా?"

"గోరు తగిలినా."

మాస్టారు లేచి చెయ్యి కడుక్కుని, పుస్తకంలో అది రాసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు.

శనివారం పొద్దున్న ఆరున్నరకి ఆట మొదలైంది. చెరువడుగు బీటలు వారి ఉంది. అక్కడక్కడా ఎండిన చేపపిల్లలు. కొంగలు గట్టు మీద వరసగా కూర్చున్నాయి. అవి కాక చూడ్డానికి వచ్చినవాళ్ళు నలభై మంది దాకా ఉంటారు, సగం మంది రాజుగారి పనివాళ్ళే. రాజుగారు తన వైపు గోలు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఎదుటి పక్క సుందరరావు మాస్టారు తెల్లకోటు బొత్తాలన్నీ పెట్టుకుని, రెండు జెండాలూ చంకన పెట్టుకుని, గీత మీద నిటారుగా నిలబడ్డారు. కోటు జేబు మీద ఎవరో పిల్లల డాక్టరు పేరుంది.

ప్రతి పావు ఆటకీ జట్లు పక్కలు మారతాయి. రెండో పావులోనూ ఆఖరి పావులోనూ సాల్మన్ కాచే గోలు తండ్రి ముందుకొచ్చింది. పది అడుగుల దూరంలో ఇద్దరూ నిలబడ్డారు. ఒకసారి బంతి అవతల ఉన్నప్పుడు మాస్టారు నేల చూస్తూ, "నీ బూటు లేసు ఊడింది," అన్నారు. సాల్మన్ వంగి కట్టుకున్నాడు. అంపైరు ఒక జట్టువాడికి సాయం చెయ్యకూడదని అప్పుడు గుర్తొచ్చిందేమో, సాయికృష్ణని కూడా పిలిచి, "నీది కూడా చూసుకో," అన్నారు. సాయికృష్ణ లేసు గట్టిగానే ఉంది. పెద్దాయన చెప్పారు గదా అని విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

మాస్టారి తీర్పులు తిరుగులేనివి. కర్రకి రాసుకుని పోయిన బంతి ఒకటి నలభై మందికీ గోల్‌లా కనబడితే, ఆయన ఒక జెండా ఊపారు. ఏలూరువాళ్ళకే నష్టం. అయినా కర్ర మీద బంతి ఎర్రరంగు అంటుకుని కనబడేసరికి, ఔరా అనుకున్నారు. సాల్మన్ కూడా అనుకున్నాడు. ఈయన కళ్ళు కళ్ళే, ఈయనకి కనబడనిది లేదు అని సంతోషించాడు. ఆ సంతోషం ఆఖరి నిమిషం దాకా ఉంది.

ఆఖరి నిమిషానికి ఏలూరు ముప్పై ఒకటి, గూడెం ఇరవై ఏడు. నలభై సెకన్లు మిగిలాయని రాజుగారి మేనేజరు అరిచాడు. అప్పుడే బంతి సాయికృష్ణ చేతికి చిక్కింది. గోల్ పడితే ముప్పై మూడు, గూడెం గెలిచినట్టే. ఒకటి పడితే ఇరవై ఎనిమిది, బంతి సాల్మన్ చేతికి వస్తుంది. అతను దూరంగా తన్నేస్తే ఆట అయిపోతుంది.

సాయికృష్ణ నాలుగడుగులు పరిగెత్తి తన్నాడు. బంతి సూటిగా నడిమి కర్రల మధ్యకి వచ్చింది. సాల్మన్ కళ్ళెత్తి అది ఎక్కడ దిగుతుందో లెక్క కట్టి, వెనక్కి రెండడుగులు వేసి ఎగిరాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. ఎడమ చేతి చిటికెన వేలు బంతిని అందుకుంది. అందుకోవడం ఏమిటి, వేలు వెనక్కి విరుచుకుపోయింది. అప్పటిదాకా గిర్రున తిరుగుతూ వచ్చిన బంతి తిరగడం మానేసి, తడబడుతూ మాస్టారి పక్కనుంచే గీత దాటింది.

సాల్మన్ కింద పడి, మోకాళ్ళ మీద లేచాడు.

"సార్, తగిలింది సార్."

నాన్నగారని పిలవలేదు. తొమ్మిదో క్లాసులో పిలిచినట్టే పిలిచాడు. మాస్టారు అతని మొహంలోకి చూశారు. గట్టు మీద కొంగలు తప్ప ఎవరూ కదల్లేదు.

నెల్సన్ పరిగెత్తుకొచ్చి, "తీర్పు చెప్పండి సార్," అన్నాడు.

మాస్టారి కుడిచెయ్యి లేచింది. ఒక జెండా. అది గాల్లో ఒక్క క్షణం ఆగింది. సాల్మన్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే ఎడమచెయ్యి కూడా లేచింది.

రెండు జెండాలు.

గూడెంవాళ్ళు గెంతులు వేశారు. తన్నినవాడు మాత్రం గెంతలేదు. సాయికృష్ణ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు బంతి వంక చూసి, వచ్చి సాల్మన్‌ని లేవనెత్తాడు. మిగిలిన సెకన్లు బంతి నడిమైదానంలోనే దొర్లి అయిపోయాయి. సాల్మన్‌కి వేలి నొప్పి తెలియలేదు. ఈసారి కూడా చప్పట్లు కొట్టాల్సి వస్తుందేమోనని భయం వేసింది.

అంతా అయ్యాక వెంకట్రాజుగారు కుర్చీలోంచి లేచి నడుచుకుంటూ ఇంత దూరం వచ్చారు. అది చిన్న విషయం కాదు.

"ఎంత మాటండీ మాస్టారూ! కొడుకు నోరు విడిచి అడిగినా ఇవ్వలేదే! ఈ రోజుల్లో ఎక్కడుందండీ న్యాయం?" అని తన భుజం మీది కండువా తీసి ఆయనకి కప్పి, తన ఇంకో చెరువులో పట్టించిన ఆరు కేజీల బొచ్చె చేప ఒకటి బహుమానం ఇచ్చారు.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. ఆ బొచ్చెని హ్యాండిల్‌కి తగిలించుకుని, విరిగిన వేలుతో క్లచ్ నొక్కుతూ, తెల్లకోటూ జెండాలతో సహా తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని సాల్మన్ ఏలూరు దాకా బండి నడిపాడు. దారి పొడుగునా చేప తోక గుంట వచ్చినప్పుడల్లా సాల్మన్ మోకాలిని కొట్టింది.

మధ్యాహ్నం సువార్తమ్మ చేపల పులుసు పెట్టింది. సంగతంతా నెల్సన్ అప్పటికే ఫోన్లో చెప్పేశాడు. కొడుకు ఎడమ చెయ్యి ఒళ్ళో దాచుకుని తింటుంటే చూసి, కంచంలో ముక్కలు వేస్తూ భర్తతో అంది.

"అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని ఊరికే అనలేదండి పెద్దలు. మీరు ముక్క వేసుకోరే?"

మాస్టారు వేసుకోలేదు. బొచ్చె పులుసు వద్దనడం ఆయన పెళ్ళయిన నాటినుంచి ఇదే మొదలు. మజ్జిగన్నం తిని లేచారు.

డ్యూటీ నుంచి వచ్చిన పెర్సిస్ మొగుడి వేలు చూసి, వెంటనే తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించి, కట్టు కట్టించింది. ఆ ఎక్స్‌రే ఫిల్మును మాస్టారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు.

"ఎటు వంగి విరిగిందమ్మా?"

"వెనక్కి వంగిందండి మావయ్యగారు. ఏదో గట్టిగా తగిలి ఉండాలన్నారు డాక్టరుగారు."

ఆయన ఫిల్మును కవర్లో పెట్టి ఇచ్చేశారు. మర్నాడు ఆదివారం చర్చికి వెళ్ళలేదు. జ్వరం కూడా లేదు. వారమంతా వరండాలో రూల్సు జిరాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. మంగళవారం రాజుగారు చెరువుకి నీళ్ళు పెట్టేశారు. సాల్మన్ బూట్లు సంచిలో వేసి అటకెక్కించాడు. బంతి ఒక్కటి ఎందుకో బండి డిక్కీలోనే ఉండిపోయింది. పదకొండేళ్ళ ఆట అయిపోయింది, ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇక అడగకూడదని నిశ్చయించుకున్నాడు.

తర్వాతి ఆదివారం మాస్టారు ఇస్త్రీ బట్టలు వేసుకుని, చేతిసంచి పట్టుకుని, అందరికంటే ముందు చర్చికి బయల్దేరారు. ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పే వేళ ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేళ్ళు లేచి చెప్పుకుంటారు. సువార్తమ్మ ప్రతివారం చెబుతుంది. మాస్టారు నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా లేవలేదు. పిలవని పేరంటానికీ అడగని సాక్ష్యానికీ విలువ ఉండదని ఆయన అభిప్రాయం. ఆ రోజు సువార్తమ్మ లేవబోతుంటే, ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తను లేచారు. వెళ్ళి మైకు ముందు అటెన్షన్‌లో నిలబడ్డారు.

"నా పేరు సుందరరావు," అన్నారు, అక్కడ ఆయన్ని ఎరగనివాళ్ళు లేకపోయినా. "పోయిన వారం శనివారం పొద్దున్న నేను అబద్ధ సాక్ష్యం పలికాను."

"స్తోత్రం!" అంది అలవాటు కొద్దీ ముందు వరసలో ఎవరో పెద్దావిడ.

"ఇది స్తోత్రం చెప్పే సంగతి కాదమ్మా. వినండి." ఆయన గొంతు సవరించుకున్నారు. "బంతి మా అబ్బాయి వేలికి తగిలింది. నేను చూశాను. కళ్ళలో ఎండ లేదు, అడ్డం లేదు, ఆరడుగుల దూరం. ఒక జెండా ఎత్తాను. అప్పుడు, కొడుకు గనక ఇచ్చాడంటారే అని తోచింది. రెండోది కూడా ఎత్తేశాను. నలుగురూ న్యాయం అన్నారు. కండువా కప్పారు. చేప ఇచ్చారు. అది న్యాయం కాదు, నలుగురంటే నాకున్న భయం."

వెనక వరసలో సాల్మన్ కట్టు కట్టిన చెయ్యి కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇరవై ఏళ్ళ కిందట కబడ్డీలో కూడా వాడి కాలు గీత తొక్కలేదు. అదీ చూశాను. జానెడు ఎడం ఉంది. దానికి నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ప్రతి చలికాలం కప్పుకుంటున్నాను." ఆయన ఆగారు. సంచిలోంచి ఒక జెండా తీశారు. ఒక్కటే తెచ్చుకున్నారు. దాన్ని రూల్సు పుస్తకంలో చెప్పినట్టు కుడిచేత్తో పైకెత్తి, సంఘమంతా చూస్తుండగా ఊపి, దించారు.

"ఒకటే పాయింటు," అన్నారు. "గూడెంవాళ్ళకి రిజిస్టరు పోస్టులో రాశాను."

పాస్టరు ఏసోబుగారు లేచి ప్రార్థన చేద్దాం అన్నారు గానీ, దేని గురించి చెయ్యాలో ఆయనకి వెంటనే తోచలేదు. చివరికి వేలు స్వస్థత కోసం చేశారు. సాల్మన్ తల వంచుకుని ఏడ్చాడు. ముల్లు దిగిపోయింది. చూశారు. రెండుసార్లూ చూశారు. ఇరవై ఏళ్ళూ తను చెడ్డ ఆటగాడేమో, తనకే తెలియకుండా కాలు గీత తొక్కిందేమో అని లోపల ఏ మూలో ఉన్న అనుమానం కూడా ఆ కన్నీళ్ళతో పోయింది.

ఆరాధన అయ్యాక అందరూ చెప్పులు వేసుకుంటుంటే, మాస్టారు గబగబా బయటికి నడిచి సాల్మన్ బండి దగ్గర నిలబడ్డారు. డిక్కీ తియ్యమని సైగ చేశారు. బంతి తీసి, దుమ్ము చొక్కాకి తుడిచి, కొడుకు చేతిలో పెట్టారు.

"నాన్నగారూ, ఇదేంటండి?"

"ఒక పాయింటు పడితే బంతి ఎవరిది?"

సాల్మన్ చేతిలోని బంతి వంక చూశాడు.

"గోల్ కాచేవాడిది. పుస్తకంలో ఉంది. ఇంకా నలభై సెకన్లున్నాయి," అన్నారు మాస్టారు. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం డ్రిల్ పీరియడ్‌దే. "తన్ను."

చర్చి ఆవరణలో ఆడవాళ్ళు పిల్లల్ని పక్కకి లాక్కున్నారు. సాల్మన్ ఆదివారం బూట్లతోనే రెండడుగులు వేసి తన్నాడు. బంతి కొబ్బరిచెట్ల మీదుగా లేచి, ప్రహరీ గోడ దాటి, అవతలి ఖాళీ స్థలంలో ఎక్కడో పడింది. పదకొండేళ్ళలో అంత దూరం ఎన్నడూ తన్నలేదు. అది పడ్డ వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"చూస్తావేంరా?" అన్నారు సుందరరావు మాస్టారు, చేతి వాచీ వంక చూసుకుంటూ. "ఆట నడుస్తోంది. పరిగెత్తు!"

సాల్మన్ పరిగెత్తాడు.